బైకు దొంగతనంలో దొరికిన పిల్లోడు: పాతకాలంలో ఇట్లాంటోళ్లను ఏం చేసేవాళ్లు?

బురుజు_బాబు (కర్నూలు) · శుక్రవారం రాత్రి 9:40

మా ఏరియాలో బండ్లు ఎత్తుకుపోయే ముగ్గురిని పట్టుకున్నారు. ఇద్దరు పెద్దోళ్లు, మూడోవాడు ఇంటర్ చదివే పిల్లోడు. పదిహేడు ఇంకా నిండలేదంట. నిన్నటి నుంచి మా వీధి వాట్సాప్ గ్రూపులో వాడి మీదే పంచాయితీ. "బ్రిటిషోళ్ల కాలమైతే తోలు ఒలిచేవాళ్లు, ఇప్పుడు చట్టమే ముద్దు చేస్తాంది" అని ఒక పెద్దాయన పెడితే, కింద వరసగా చప్పట్లు.

నాకు అడగాలనిపించింది ఏందంటే, నిజంగా అప్పట్లో ఏం చేసేవాళ్లు? పిల్లోడు, పెద్దోడు అని తేడా చూసేవాళ్లా? ఈ పద్ధెనిమిది అనే గీత ఎవరు గీసినారు, ఎప్పుడు గీసినారు? తెలిసినోళ్లు రాయండి. తిట్లకు వేరే గ్రూపులు ఉన్నాయి.

గండికోట_67 (జమ్మలమడుగు) · రాత్రి 9:58

ఇందులో చరిత్ర ఏముందప్పా. హ్యాండిల్ లాక్ విరగ్గొట్టేది తెలిసినోడికి జైలంటే ఏందో కూడా తెలియాల. 2012 ఢిల్లీ నిర్భయ కేసులో చూసినాం కదా, మైనరని మూడేండ్లు పిల్లల హోములో పెట్టి వదిలేసినారు. మా ఊర్లో ఇదే పని చేసినోడు వారం తిరక్కుండానే వచ్చి టీ అంగడి కాడ కూర్చున్నాడు. బండి పోగొట్టుకున్నోడు మాత్రం ఇంకా ఈఎంఐ కడతాండాడు.

వకీలు_కడప · రాత్రి 10:31

బాబూ, మీ వీధి పెద్దాయన మాటలో కొంత నిజముంది. 1864లో కొరడా దెబ్బల చట్టం ఒకటి తెచ్చారు. ఉరిశిక్ష పడే నేరాలు తప్ప ఏది చేసినా, పిల్లవాణ్ణి జైలుకు పంపే బదులు కొట్టి వదిలేయవచ్చు అని అందులో ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అయితే దెబ్బల లెక్క కూడా రాసిపెట్టింది. పెద్దవాళ్లకు 30 దాటకూడదు, పదహారేళ్ల లోపు వాళ్లకు 15 దాటకూడదు. అదీ సన్నటి పేము బెత్తంతో, బడిలో అయ్యవారు కొట్టినట్టు. ఈ శిక్ష రద్దయింది 1955లో. స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిదేళ్లకు!

అయితే తోలు ఒలిచిన ఆ దొరలే వయసు కూడా చూశారు. 1850లోనే అప్రెంటిస్ చట్టం ఉంది. పదేళ్లు దాటి పద్ధెనిమిది నిండని అనాథలనూ, చిల్లర నేరాలు చేసినవాళ్లనూ మేజిస్ట్రేటు ఏదో ఒక పనివాడి దగ్గర కుదర్చవచ్చు. 1860 నాటి భారత శిక్షా స్మృతి, అంటే ఐపీసీలో 82వ సెక్షన్: ఏడేళ్లలోపు పిల్లవాడు ఏం చేసినా నేరం కాదు. 83వ సెక్షన్: ఏడు నుంచి పన్నెండు మధ్య వాడికి, తాను చేసేదేమిటో అర్థం చేసుకునే బుద్ధి వచ్చిందా లేదా అని చూడాలి. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కదా, అక్కడ అవే 20, 21 సెక్షన్లు. నంబర్లు మారాయి, ఏడూ పన్నెండూ మారలేదు.

గండికోట గారూ, మీ మాటకు రేపు జవాబు రాస్తాను. ఇప్పుడు కోర్టు కాగితాలు ముందరున్నాయి.

చరిత్ర_పంతులు (అనంతపురం) · శనివారం ఉదయం 6:15

దొరల కంటే ముందు మన భారతం ఉంది. మాండవ్యుడి కథ గుర్తుందా? ఆశ్రమంలో దొంగలు దూరితే, మౌనంలో ఉండి పలకలేదని ఆయన్నూ దొంగల్లో కలిపి కొరత వేశారు. తర్వాత పోయి యముణ్ణే నిలదీశాడు, నేనేం పాపం చేశానని. చిన్నప్పుడు పురుగులకు గడ్డిపుల్లలు గుచ్చావు, దాని ఫలం అన్నాడు యముడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని మాండవ్యుడు ఆయన్ను శపించి, ఇకమీదట పద్నాలుగేళ్ల దాకా చేసింది పాపం లెక్కలోకి రాదని గీత గీశాడు. ఆ శాపంతో పుట్టినవాడే విదురుడు. మా క్లాసులో ఈ కథ చెబితే పిల్లలు వెంటనే అడిగేది ఒకటే: "సార్, మాకు పదిహేను నిండినాయి, ఎట్ల?"

ఇక ఇంగ్లండు. 1629లో ఆబింగ్డన్ అనే ఊర్లో జాన్ డీన్ అని ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్లవాణ్ణి, రెండు కొట్టాలకు నిప్పు పెట్టాడని ఉరి తీశారు. ఏడు దాటితే పిల్లవాడికి దురుద్దేశం ఉందని నిరూపించి శిక్ష వేయొచ్చు, అదీ వాళ్ల సంప్రదాయం. ఐపీసీలో ఏడు అనే అంకె దిగుమతి అయింది అక్కడినుంచే. 1838లో పార్క్‌హర్స్ట్‌లో కుర్రాళ్లకని ప్రత్యేకంగా జైలు తెరిచారు. జైలు వేరే అయింది గానీ తీరు జైలు తీరే. దాన్ని గట్టిగా వ్యతిరేకించింది మేరీ కార్పెంటర్ అనే ఆమె. పిల్లవాడికి కావలసింది బడి, గొలుసులు కావని పోరాడితే 1854లో రిఫార్మేటరీ స్కూళ్ల (దారితప్పిన పిల్లల్ని దిద్దే బడుల) చట్టం వచ్చింది. ఆమె 1866లో మన దేశానికి కూడా వచ్చి ఇక్కడి జైళ్లు తిరిగి చూసింది. మనకు రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం 1876లో వచ్చింది, 1897లో దాన్ని తిరగరాశారు. పదిహేనేళ్లలోపు మగపిల్లల్ని మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్లకు మించకుండా అక్కడ ఉంచేవాళ్లు. పద్ధెనిమిది నిండితే వదిలేయాలి.

మద్రాసు రాజధానిలో ఆ బడి చెంగల్పట్టులో పెట్టారు, 1887లో. మన సీడెడ్ జిల్లాలు, అంటే రాయలసీమ వైపు, అప్పుడు మద్రాసు కిందే కదా. 1871కే మద్రాసు నుంచి గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు పడింది. ఆదోని సంతలో జేబు కొట్టిన పన్నెండేళ్ల వాణ్ణి ఆ రైల్లో కూర్చోబెట్టి, ఒక్క ముక్క తెలుగు వినబడని చోటికి ఏళ్ల తరబడి పంపించడం శిక్షా, దయా? నాకిప్పటికీ తేలలేదు. వాళ్లమ్మ చూడటానికి పోవాలంటే టిక్కెట్టు డబ్బులు ఎక్కడివి?

తుంగభద్ర_తీరం (మంత్రాలయం) · ఉదయం 7:02

పంతులుగారూ, మద్రాసు చిల్డ్రన్ యాక్టు అని మా నాయన మాట్లాడేవారు. అది ఎప్పటిది?

చరిత్ర_పంతులు · ఉదయం 7:20

1920. దేశంలో అట్లాంటి చట్టం మొదట చేసింది మద్రాసే. బెంగాల్ 1922లో, బొంబాయి 1924లో చేశాయి. అప్పుడే 1919-20లో కార్డ్యూ అధ్యక్షతన జైళ్ల కమిటీ కూర్చుంది. పిల్లలు జైల్లో కాలు పెట్టకూడదు, వాళ్లకు వేరే కోర్టు కావాలి అని ఆ కమిటీ చెప్పిన మాటే ఇప్పటికీ మన చట్టానికి వెన్నెముక. అమెరికాలో చికాగోలో పిల్లల కోర్టు 1899లోనే మొదలైంది, ఇంగ్లండు 1908లో పెట్టుకుంది. మనం మరీ వెనకబడి లేము.

పదహారు దాటి ఇరవై ఒకటి లోపు కుర్రాళ్లకు బోర్‌స్టల్ స్కూళ్లు. ఇంగ్లండులో కెంట్ జిల్లాలో ఒక పల్లె పేరు అది. ఈ పద్ధతి 1902లో అక్కడ పుట్టింది, మద్రాసులో 1926లో చట్టమైంది.

ప్రొద్దుటూరు_టు_డాలస్ · ఉదయం 8:45

చికాగో అన్నారు కాబట్టి ఇక్కడి సంగతి రెండు ముక్కలు. పిల్లల కోర్టు పెట్టినప్పుడు జడ్జి తండ్రిలాంటివాడు, వకీలు ఎందుకు అనుకున్నారు. ఆ తండ్రి ఏం చేశాడో 1967లో బయటపడింది. అరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అని పదిహేనేళ్ల వాడు, పక్కింటామెకు ఫోన్ చేసి అసహ్యంగా మాట్లాడాడని కేసు. పెద్దవాడైతే 50 డాలర్ల జరిమానా, లేదంటే రెండు నెలల జైలు. వీడు పిల్లవాడు కాబట్టి ఇరవై ఒకటి వచ్చేదాకా, అంటే ఆరేళ్లు, స్కూలు అనే పేరున్న చోట పెట్టమన్నారు! సుప్రీంకోర్టు కొట్టేసి, పిల్లలకూ వకీలు ఉండాలి, ఆరోపణ ఏమిటో ముందే చెప్పాలి అంది.

ఇంకొకటి చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1944లో సౌత్ కరోలినాలో జార్జ్ స్టిన్నీ, నల్లపిల్లవాడు, పద్నాలుగేళ్లు. కరెంటు కుర్చీలో చంపేశారు. 2014లో ఆ తీర్పు చెల్లదని కోర్టు రద్దు చేసింది. డెబ్బై ఏళ్ల తర్వాత. పద్ధెనిమిది లోపు చేసిన నేరానికి మరణశిక్ష వద్దని ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది 2005లో. మా టెక్సాస్‌లో ఇప్పటికీ పదిహేడు నిండితే పెద్దవాడి కిందే లెక్క. బాబు చెప్పిన కుర్రాడు ఇక్కడైతే ఇంకొన్నాళ్లకు మామూలు జైలే.

నిర్వాహకుడు · ఉదయం 9:10

ఒక సభ్యుడు ఆ పిల్లవాడి ఫోటో, కాలేజీ పేరు పెట్టారు. తీసేశాం. జువైనల్ జస్టిస్ చట్టం (బాలల న్యాయ చట్టం) 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి, ఊరు ఏదీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్‌కు కూడా ఇదే వర్తిస్తుంది, మీ వీధి గ్రూపు అడ్మిన్‌కు చెప్పండి.

వకీలు_కడప · ఉదయం 11:50

గండికోట గారికి బాకీ తీరుస్తాను.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం, ఒక్కో వయసు. 1986లో దేశమంతటికీ ఒకటే జువైనల్ జస్టిస్ చట్టం చేశారు. మగపిల్లలకు పదహారు, ఆడపిల్లలకు పద్ధెనిమిది. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది, 1992లో మనం చేరాం, 2000 చట్టంలో ఇద్దరికీ పద్ధెనిమిది చేశారు. మీరంటున్న ఢిల్లీ కేసు తర్వాత వయసు తగ్గించమని పెద్ద గోల అయింది. జస్టిస్ వర్మ కమిటీ వద్దంది, 2013లో సుప్రీంకోర్టు కూడా చట్టాన్ని నిలబెట్టింది. అయినా పార్లమెంటు 2015లో కొత్త చట్టం తెచ్చి మధ్యే మార్గం పట్టింది. 2016 జనవరి 15 నుంచి అదే అమల్లో ఉంది.

దాని ప్రకారం పదహారు నుంచి పద్ధెనిమిది మధ్యవాడు ఘోరమైన నేరం చేస్తే, అంటే కనీస శిక్షే ఏడేళ్లు ఉన్న నేరమైతే, జువైనల్ జస్టిస్ బోర్డు ముందుగా వాడి మానసిక స్థితి, అర్థం చేసుకునే శక్తి, నేరం జరిగిన పరిస్థితి చూస్తుంది. కావాలంటే పెద్దవాడిలాగా విచారించమని పిల్లల కోర్టుకు పంపుతుంది. కాబట్టి "చట్టం ఏం చేయదు" అనే మాట ఇప్పుడు చెల్లదు. ఉరి మాత్రం వేయకూడదు, విడుదలకు వీల్లేని యావజ్జీవం కూడా వేయకూడదు.

మామూలు దొంగతనం సెక్షన్ కింద కేసు పెడితే గరిష్ఠ శిక్షే మూడేళ్లు. ఈ చట్టం లెక్కలో అది చిన్న నేరం. ఆ పిల్లవాడు లాకప్‌కు పోకూడదు, జైలుకు పోకూడదు, 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు రావాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. విచారణ నాలుగు నెలల్లో తేల్చాలి, ఇంకో రెండు నెలలు పెంచుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే చిన్న నేరం కేసు అక్కడితో సరి. వారంలోనే వచ్చి టీ అంగడి కాడ కూర్చున్నాడంటే అది బెయిలు. పెద్దవాళ్లకూ బెయిలు ఉంది, వాళ్లూ టీ తాగుతారు.

నాకు వింతగా తోచేది వేరే. వీధి గ్రూపులో ముగ్గురిలో ఆ పిల్లవాడి మీద తప్ప మిగతా ఇద్దరి మీద ఒక్క మాట లేదు. పిల్లల్ని వాడుకుని నేరం చేయించే పెద్దవాళ్లకు అదే చట్టం 83వ సెక్షన్‌లో ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, అయిదు లక్షల జరిమానా ఉంది. న్యాయ సంహిత 95వ సెక్షన్‌లో మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా ఉంది. మా సీనియర్ ఫ్యాక్షన్ కేసులు చూసినాయన. నాటుబాంబుల సంచి మోసేవాడు ఎప్పుడూ మీసం రానివాడే అనేవారు. మోయించినవాడి పేరు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కించడానికి మాత్రం తల ప్రాణం తోకకు వచ్చేదట. దొరికితే పిల్లవాడు త్వరగా బయటికొస్తాడని లెక్క వేసుకుని, వాణ్ణే ముందు పెడతారు. ఆ లెక్క వేసినవాణ్ణి వదిలేసి పిల్లవాడి వయసు తగ్గించమంటే, రేపు పద్నాలుగేళ్ల వాణ్ణి పెడతారు.

గండికోట_67 · మధ్యాహ్నం 12:30

సరే లాయర్ సార్, ఆ ఇద్దరి సంగతి ఒప్పుకుంటా. కానీ 2024లో పుణెలో కారుతో ఇద్దరిని చంపినోడికి 300 పదాల వ్యాసం రాయమన్నారే? అది కూడా ఇదే చట్టం కదా. మా పిల్లోళ్లకు ఇంపోజిషన్ అంతకంటే ఎక్కువ రాయిస్తారు.

వకీలు_కడప · మధ్యాహ్నం 12:41

ఇదే చట్టం. గోల అయ్యాక ఆ ఉత్తర్వు కొద్దిరోజులకే మార్చి అబ్జర్వేషన్ హోముకు పంపారు, నెల తిరిగేసరికి హైకోర్టు విడిపించింది. వాడి తరఫున మాట్లాడటానికి ఎంతమంది వకీళ్లు వచ్చారో చూశారుగా. ఇక్కడ బోర్డులో కొన్నిసార్లు పిల్లవాడి పక్కన తల్లి కూడా ఉండదు, కూలి పోతుందని.

సిద్ధాపురం_చెరువు (ఆత్మకూరు) · మధ్యాహ్నం 2:15

పొద్దున్నుంచి చదువుతాన్నా. పంతులుగారు చెంగల్పట్టు దాకా పోయినారు గానీ మా ఊరు చెప్పలేదు. మాది ఎరుకల కులం. మా జేజినాయన సిద్ధాపురం సెటిల్‌మెంటులో పుట్టినాడు.

1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, అంటే కొన్ని కులాలనే నేరస్తుల జాతులని ముద్ర వేసే చట్టం తెచ్చినారు, 1911లో మద్రాసుకు వచ్చింది. ఆ ముద్ర పడినోళ్లను కాపలా పెట్టి ఉంచే చోటే సెటిల్‌మెంటు. మీరంతా ఏడేండ్లా, పన్నెండా, పదహారా అని మాట్లాడతాండారు. మాకు ఆ లెక్కే లేదు. పుట్టంగానే దొంగ. ఆ చట్టంలో పిల్లల గురించి ఒక సెక్షన్ ఉంది: ఈ జాతుల బిడ్డల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, రిఫార్మేటరీ బళ్లలో పెట్టొచ్చు. బిడ్డ ఏం చేయాల్సిన పన్లేదు. అమ్మానాయనా ఎవరో తెలిస్తే చాలు.

జేజినాయన చెప్పేది: రాత్రి పూట హాజరు పిలిచేవాళ్లు. లాంతరు పట్టుకుని ఒకడు, పుస్తకం పట్టుకుని ఒకడు. పేరు పిలిస్తే గుడిసెలో నుంచి బయటికొచ్చి నిలబడాల. జరమొచ్చినా సరే. చెల్లెలి పెండ్లికి పక్కూరు పోవాలంటే చీటీ రాయించుకోవాల, ఆ ఊరి పటేలు దగ్గర చేరినట్టు సంతకం పెట్టించుకోవాల. మద్రాసులో 1947లో తీసేసినారు, దేశమంతా 1952లో పోయింది. చట్టం పోయింది గానీ, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా క్లాసులో జామెట్రీ బాక్సు పోతే ముందు ఎవరి సంచి దులిపినారో చెప్పాల్నా?

పుణె పిల్లోడికి వ్యాసం, మావాడికి హాజరు పుస్తకం. చట్టం పిల్లోణ్ణి పిల్లోడుగా చూసిందా లేదా అని బాబు అడిగినాడు. ఎవరి పిల్లోణ్ణి అని కూడా అడగాల.

చరిత్ర_పంతులు · మధ్యాహ్నం 2:50

అన్నా, ఇది మీరే రాయాలి. మీ జేజినాయన చెప్పినవి ఎక్కడైనా రికార్డు చేసి పెట్టారా? స్టూవర్టుపురం గురించి కాస్తయినా రాశారు, సిద్ధాపురం గురించి నాకు దొరికింది చాలా తక్కువ. మీకు వీలుంటే ఆత్మకూరు వస్తాను.

సిద్ధాపురం_చెరువు · మధ్యాహ్నం 3:05

జేజినాయన లేడు. మా పెద్దత్త ఉంది, ఆమెకు తొంభై దగ్గర. చెవులు వినపడవు, గట్టిగా అరవాల. రండి.

పాత_హెచ్‌సీ (అనంతపురం) · సాయంత్రం 4:30

హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనాను. ఏ స్టేషనో అడగొద్దు.

చట్టాలు లాయర్ గారు బాగా చెప్పినారు. స్టేషన్లో ఏం జరిగేదో నేను చెప్తా. కాగితంలో వయసు గడి ఉంటుంది. పదిహేడని రాస్తే పని పెరుగుతుంది. వేరే బోర్డు, వేరే బండి, యూనిఫాం లేకుండా ఒకడు తోడుపోవాల, ఇంటికాడ పరిస్థితి ఏందో రిపోర్టు రాయాల. పంతొమ్మిదని రాస్తే మామూలు కోర్టు, మామూలు జైలు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. "సుమారు 19" అని రాసేవాళ్లు. ఆ "సుమారు" అనేదాన్ని అడ్డం పెట్టుకుని ఎంతమంది పిల్లోళ్లు పెద్దోళ్ల బ్యారక్‌లో పడినారో దేవుడికి తెలుసు. ఒకడైతే గొంతు కూడా పగల్లేదు. మా ఎస్సై అడిగినాడు, "మీసం ఉందా?" లేదు సార్ అన్నా. "వస్తుందిలే, రాయి" అన్నాడు.

ఇప్పుడు కొంత మారింది. ప్రతి స్టేషన్లో బాలల సంక్షేమ అధికారి అని ఒకరిని పెట్టినారు, ఏఎస్సై హోదాకు తగ్గకూడదు. బేడీలు వేయకూడదు. చిన్న నేరమైతే, పెద్దోళ్లతో కలిసి చేసింది కాకపోతే, ఎఫ్ఐఆర్ లేకుండా డైరీలో రాసి బోర్డుకు పంపాల. మారనిది వయసు గడి. దాన్ని నింపేది ఇప్పటికీ మనిషే.

అనామక సభ్యుడు (నిర్వాహకుల అనుమతితో) · సాయంత్రం 6:20

1990ల్లో నేను ఒక హోములో ఏడాదిన్నర ఉన్నా. ఏ ఊరిదో వద్దు. పదిహేనేళ్లు నాకు. చేసింది చిన్నది కాదు, ఒకడి తల పగిలింది, బతికినాడు.

హోములో కొట్టినారా అని అందరూ అడుగుతారు. కొట్టినారు, పెద్ద పిల్లోళ్లు. సార్లు చూసీచూడనట్టు పోయేవాళ్లు. సాయంత్రం అయిదున్నరకే అన్నం పెట్టి తాళం వేసేవాళ్లు. వేసవిలో అప్పటికి ఇంకా ఎండ కాస్తానే ఉంటుంది. కిటికీలో నుంచి రోడ్డు మీద ఐసు బండి గంట వినపడేది. పొద్దున ఏడుకు టిఫిను దాకా ఆకలి. అదొక్కటే నాకు బాగా గుర్తు, ఆకలి.

మంచి కూడా చెప్పాల. అక్కడ కుట్టుపని నేర్పించే ఒకాయన ఉండేవాడు. కాజా కుట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నా. వచ్చినాక మా ఊర్లో ఎవరూ పనికి పిలవలేదు, ప్రొఫెషన్ ఉంది కాబట్టి ఇంకో ఊరు పోయి బతికినా. ఇప్పుడు నాకు రెండు మిషన్లు, ఇద్దరు బిడ్డలు. గండికోట అన్నా, మూడేండ్లు టీవీ చూపించి పంపిస్తారని అందరూ అంటాంటారు కదా. మా హోములో టీవీ ఉండేది. ఆదివారం మాత్రమే.

గండికోట_67 · సాయంత్రం 6:48

అన్నా నిన్ను అనలేదు. ఇంతకంటే ఏం రాయాలో తెలియడంలేదు. నా బండి పోయిన మంట మీద రాసినా.

తుంగభద్ర_తీరం · రాత్రి 7:30

దేశంలో ఈ కేసులు నిజంగా పెరిగిపోతున్నాయా? టీవీలో చూస్తే అట్లే అనిపిస్తుంది.

వకీలు_కడప · రాత్రి 8:05

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2021లో పిల్లలు నేరం చేశారని పెట్టినవి 31,170 కేసులు, 2022లో 30,555. అదే 2022లో మొత్తం ఐపీసీ కేసులు 35 లక్షల పైన. నూటికి ఒకటి కూడా లేవు. టీవీకి ఆ ఒక్కటే దొరుకుతుంది.

పాత_హెచ్‌సీ గారు చెప్పిన వయసు గడికి ఒక మాట కలుపుతాను. పుణెలో 1994లో జరిగిన హత్యల కేసులో ఒకతనికి 1998లో ఉరిశిక్ష పడింది. రాజస్థాన్ పల్లెలో ఆయన చదివిన బడి అడ్మిషన్ రిజిస్టర్ ఆలస్యంగా కోర్టుకు చేరింది. అందులో వేరే పేరుతో, 1982లో పుట్టినట్టు ఉంది. నేరం నాటికి పన్నెండేళ్లు. సుప్రీంకోర్టు దాన్ని నమ్మి 2023 మార్చిలో విడుదల చేయమంది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు లోపల ఉన్నాడు, అందులో ఎక్కువ భాగం ఉరి కోసం ఎదురుచూస్తూ. నేను మైనరును అనే వాదన ఏ దశలోనైనా, తుది తీర్పు అయిపోయాకైనా లేవనెత్తొచ్చు. జువైనల్ జస్టిస్ చట్టం 9వ సెక్షన్ అదే చెబుతుంది.

మన రాష్ట్రంలోదీ ఒకటి. హత్య కేసులో యావజ్జీవం పడిన కుర్రవాణ్ణి బోర్‌స్టల్ స్కూలుకు పంపారు. ఇరవై మూడు నిండాక మళ్లీ జైలుకు తీసుకుపోతామంది ప్రభుత్వం. కుదరదు, వదిలేయండి అని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. 1926 నాటి ఆ మద్రాసు చట్టమే అతణ్ణి కాపాడింది.

మగ్గం_ఇల్లు (ఉరవకొండ) · రాత్రి 9:12

అన్నలకు నమస్కారం. నేను ఎప్పుడూ రాయను, చదివి పోతాంటా. మా అక్క కొడుకు మీద ఒక కేసు పెట్టినారు. కొట్లాట. ఆధార్‌లో చూస్తే వానికి పద్ధెనిమిదిన్నర. కానీ వాడు పుట్టింది మా పెద్దమ్మ చనిపోయిన ఏడు, మాకు బాగా తెలుసు, పదిహేడే. ఆధార్ తీసేటప్పుడు మా బావ ఏదో చెప్పినాడంట. ఎనిమిదిలో బడి మానేసినాడు. పోలీసోళ్లు ఆధార్ జిరాక్సు తీసుకున్నారు. ఇప్పుడు ఏది చెల్లుతుంది? మాకు లాయర్ను పెట్టుకునే శక్తి లేదు.

వకీలు_కడప · రాత్రి 9:25

అమ్మా, కంగారు పడొద్దు. జువైనల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో వయసు రుజువులకు వరస ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతిది. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరసలో లేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో కూడా, పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదు, బడి సర్టిఫికెట్ చూడండి అంది. చూసేది నేరం జరిగిందన్న రోజుకు ఉన్న వయసు, ఈరోజు వయసు కాదు.

లాయరుకు డబ్బు అక్కర్లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోన్ అయితే 15100. వాడిని ఇప్పటికే సబ్‌జైలుకు పంపారా?

మగ్గం_ఇల్లు · రాత్రి 9:31

లేదన్నా. సోమవారం కోర్టుకు తెస్తామన్నారు.

పాత_హెచ్‌సీ · రాత్రి 9:44

అమ్మా, సోమవారం దాకా ఆగొద్దు. వాడు మొదట చేరిన బడి ఏదో, ఒకటో తరగతి బడి, ఆ హెడ్‌మాస్టర్ ఇంటికి రేపే పోండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో వాడి పేరున్న పేజీ ఎక్స్‌ట్రాక్ట్ కావాలని అడగండి, సంతకం, స్టాంపు, అడ్మిషన్ నంబరు ఉండాల. ఎనిమిదిలో ఇచ్చిన టీసీ ఉంటే అది కూడా. మూడు జిరాక్సులు తీసి ఒకటి లాయరుకు, ఒకటి ఎస్సైకి ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద అందినట్టు ఎస్సై సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపించి రసీదు దాచుకోండి. కోర్టులో మేజిస్ట్రేటు ముందు మీ అక్కే నోరు తెరిచి చెప్పాల, "నా కొడుక్కు పదిహేడు, ఇదిగో బడి కాగితం" అని. లాయర్ రాలేదని ఊరకే నిలబడొద్దు.

బురుజు_బాబు · రాత్రి 9:58

ఉరవకొండలో ఆ బడి హెడ్‌మాస్టర్ ఎవరో పంతులుగారికి తెలిసుండొచ్చు. పంతులుగారూ, చూస్తే ఆమెకు మెసేజీ పెట్టండి.

చరిత్ర_పంతులు · రాత్రి 10:06

పెట్టాను. ఆయన నా బ్యాచ్‌మేటే. రేపు పది గంటలకు తాళాలు తీసుకుని బడికాడికి వస్తానన్నాడు.